వెలుతురుకు పట్టిన సీసా

నా దగ్గరికి వచ్చే రోగులకు నా మీద ఒక పాత వేళాకోళం ఉంది. సూదిమందు ఇచ్చే ముందు నేను సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకు పట్టి, అటూ ఇటూ వంచి చూస్తాను. వసారాలో ఎంతమంది కూర్చుని ఉన్నా, వాళ్ళలో ఎవరు ఎంత మూలుగుతున్నా చూస్తాను. "డాక్టరమ్మ సూర్యనమస్కారం అయితేగానీ సూది వెయ్యదు" అని విడవలూరు బజారులో చెప్పుకుని నవ్వేవారు. చెప్పుకోనీ. నేను క్రైస్తవుల ఇంట పుట్టినదాన్ని, సూర్యనమస్కారాలు నాకు రావు. కానీ ఆ అలవాటు నాకు ఎక్కడ పట్టుకుందో బాగా గుర్తుంది.

మద్రాసులో డాక్టరు చదువు అయిపోయాక నేను విడవలూరు వచ్చి ఆసుపత్రి పెట్టాను. ఆసుపత్రి అనడం నా గొప్ప. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా, లోపల నాలుగు మంచాలు. నెల్లూరులో ఉంటే అన్నీ అమరుతాయని మా వాళ్ళు పోరు పెట్టారు. అన్నీ అమరిన చోట డాక్టర్లు కూడా కావలసినంత మంది ఉన్నారు, నేనెందుకు అన్నాను. మొండిదాన్నని ఇంట్లో నాకు చిన్నప్పటి నుంచీ పేరు. ఆ పేరు పోగొట్టుకోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

అప్పటికి ఊళ్ళోకి కరెంటు రాలేదు. చల్లగా ఉంచాల్సిన మందులకు నా దగ్గరున్న ఏర్పాటల్లా ఒక కుండ. తడి ఇసుకలో మెడ దాకా పాతిన కుండ, దాని లోపల మూత పెట్టిన ముంత, పైన తడిగుడ్డ. పొద్దునా సాయంత్రం ఇసుక మీద నీళ్ళు చల్లేదాన్ని. నెల్లూరు నుంచి ఎప్పుడైనా వచ్చిన డాక్టర్లు దాన్ని చూసి, మజ్జిగ కుండ ఎక్కడమ్మా అని అడిగి నవ్వేవారు. నేనూ నవ్వి, ఎండలో వచ్చారు కదా అని నిజంగానే మజ్జిగ తెప్పించేదాన్ని.

ఒక చలికాలం పొద్దున్నే ఉప్పు కొఠార్ల అవతల, సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒక తల్లి కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. చంకనేసుకునే వయసు కాదు ఆ పిల్లది, ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. కానీ ఎత్తుకోవడానికి బరువు లేదు. మోకాళ్ళు, మోచేతులు, కళ్ళు తప్ప పిల్లలో ఏమీ మిగల్లేదు.

"ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదమ్మా దీనికి" అంది తల్లి. "ఇది ఒంటికి పోయిన చోట చీమలు పడతా ఉండాయి."

చీమల మాట వినగానే నాకు జబ్బు తెలిసిపోయింది. షుగరు జబ్బు పెద్దవాళ్ళకు వస్తే పథ్యంతోనో మాత్రలతోనో ఈడ్చుకు రావచ్చు. పసిపిల్లలకు వస్తే ఇన్సులిన్ ఒక్కటే దారి. రోజూ సూది పడాలి. అన్నం ఒక పూట మానితే ఆకలి వేస్తుంది, ఆ మందు మానితే ప్రాణం పోతుంది. ఈ మాట తల్లికి ఎలా చెప్పాలో తెలియక సూటిగానే చెప్పేశాను. ఆమె ఏడవలేదు. సూది వెయ్యడం నాకు నేర్పండి అంది.

నేర్పాను. గాజు సిరంజిని మరిగించడం, మందు తీయడం, రోజుకొక చోట గుచ్చడం. నీలం మందులో నాలుగు చుక్కల మూత్రం వేసి స్పిరిటు దీపం మీద కాచి రంగు చూడడం కూడా నేర్పాను. రంగు మారకుండా నీలంగానే ఉంటే ఒంట్లోంచి చక్కెర పోవడం లేదన్నమాట. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఎక్కువ, ఇటుక రంగు తిరిగితే ప్రమాదం. అక్షరం ముక్క రాని ఆ తల్లి నెల తిరిగేసరికి నా ఆసుపత్రిలో పని చేసే నర్సు కంటే శుభ్రంగా సూది వేసేది. వారానికోసారి పిల్లను తీసుకొచ్చి, నీలమేనమ్మా అని చెప్పి పోయేది. పిల్ల బుగ్గలు పూడాయి. ఉప్పు మళ్ళలో పరుగెత్తుతోందని, మందలించమని నాకు ఫిర్యాదు కూడా వచ్చింది.

పిల్ల తండ్రి చేపల వ్యాపారి. పల్లెలో దొరికిన చేపా రొయ్యా కొని, ఐసులో వేసి, లారీ మీద నెల్లూరు చేర్చేవాడు. వచ్చేటప్పుడు ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డలు తెచ్చుకునేవాడు. మందు తెచ్చే పని అతనిదే. నెల్లూరులో ఒక్క మందుల షాపులోనే ఫ్రిజ్ ఉండేది. ఆ షాపాయన, "చల్లగా ఉంచుకో, వేడి తగిలితే పాడైపోద్ది" అని చెప్పి సీసా ఇచ్చేవాడు. ఆ మాటే నేనూ చెప్పాను, సీసా మీద ఇంగ్లీషులోనూ అదే రాసి ఉండేది. చలికాలమంతా అతను సీసాను ఇంట్లో నీళ్ళకుండ పక్కన తడిగుడ్డలో చుట్టి పెట్టాడు.

ఎండాకాలం వచ్చేసరికి రెండు సంగతులు జరిగాయి. ఒకటి అందరికీ తెలిసింది. ఇంగ్లండు సీమ నుంచి మందుల దిగుమతి బాగా తగ్గిపోయి, మేము అలవాటు పడిన పేరున్న ఇన్సులిన్ దొరకడం మానేసింది. దాని చోట మన దేశంలోనే తయారైన సరుకు షాపులోకి వచ్చింది. రెండో సంగతి ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

కొత్త సీసా మొదలుపెట్టిన కొన్నాళ్ళకు తల్లి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "ఇటుక వచ్చిందమ్మా" అంది.

మోతాదు పెంచాను. మళ్ళీ ఇటుకే. ఇంకొంచెం పెంచాను. పిల్ల ముఖం మళ్ళీ పీక్కుపోయింది. ఒకరోజు మధ్యాహ్నం వాంతులతో, ఊపిరి బరువుగా లాగుతూ తీసుకొచ్చారు. దగ్గరికి వంగితే నోట్లోంచి మాగిన పండు వాసన. ఆ వాసన తెలిసిన డాక్టరెవరైనా మళ్ళీ జన్మలో తగలకూడదనుకుంటారు. మంచం మీద పడుకోబెట్టి, సెలైను ఎక్కించి, నా కుండలో ఇంకో రోగి కోసం ఉంచిన ఇన్సులిన్ ఇచ్చాను. సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచి అమ్మను గుర్తుపట్టింది. నేను వసారాలోకి వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాను. నాకు భయమేసింది. ఎంత భయమేసిందంటే, ఎవరి మీదనైనా అరవాలనిపించింది.

అరవడానికి మనుషులు సిద్ధంగానే ఉన్నారు. ఇరుగుపొరుగు తల్లిని అనుమానించారు. మామిడిపళ్ళ రోజులు, తల్లి మనసు ఊరుకోక ఒక ముక్క పెట్టి ఉంటుంది అన్నారు. అడిగితే ఆమె నా వంక సూటిగా చూసి, "దాని ఎదట మేము తినడం కూడా మానేసినామమ్మా" అంది. ఆ మాట చాలు నాకు.

నెల్లూరు పెద్ద డాక్టరు గారి అనుమానం వేరు. ఆయన మాకందరికీ గురువు లాంటివారు, చెయ్యి మంచిది, నోరు కొంచెం దురుసు. ఆయన రోగుల్లో కూడా ఒకరిద్దరికి కొత్త సరుకుతో చక్కెర అదుపు తప్పిందట. తేడా ఎక్కడుందో వెతకాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు.

"మనవాళ్ళకు గడ్డం గీసుకునే బ్లేడు చెయ్యడమే చేతకాలేదు. ఇన్సులిన్ చేస్తారటమ్మా?" అన్నారు.

ఆ కంపెనీ మందు ఇకమీదట రాయనని, మిమ్మల్ని కూడా రాయవద్దని నలుగురు డాక్టర్ల ముందు తేల్చేశారు. మందుల షాపాయన మొహం మాడిపోయింది. డాక్టర్లు రాయని సరుకు నేనేం చేసుకుంటాను, వెనక్కి పంపేస్తాను అన్నాడు. సీమ సరుకు కావాలంటే మద్రాసులో ఎవరినైనా పట్టుకోవాలి. అలా పట్టుకోగలవాళ్ళు నెల్లూరులో ఉన్నారు. ఉప్పు కొఠార్ల అవతల లేరు.

నాకు లెక్క స్పష్టంగా కనిపించింది. మందు నిజంగా చెడ్డదైతే వాడకూడదు. మంచిదై ఉండి మేమంతా చెడ్డదని ముద్ర వేస్తే, షాపులో ఫ్రిజ్ ఖాళీ అవుతుంది, ఆ పిల్ల చచ్చిపోతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాకు అర్థం కాని దానికల్లా మందును తిట్టి చేతులు దులుపుకుంటే, పెద్ద డాక్టరు గారికి పోయేదేమీ లేదు. నాకు మాత్రం రోజూ ఆ మంచం కనిపిస్తుంది. నాకు ఆ కంపెనీ మీద ప్రేమ లేదు. నిజం చెప్పాలంటే నాకూ సీమ పేరు మీదే గురి. కానీ గురి వేరు, తెలియడం వేరు. తెలుసుకునేదాకా సరుకు వెనక్కి పంపవద్దని షాపాయన దగ్గర మాట తీసుకున్నాను. పెద్ద డాక్టరు గారు, నీ మొండితనానికి ఆ పిల్ల బలి కాకుండా చూసుకో అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు పొడిచింది.

షాపాయన చేత ఒకే పెట్టె విప్పించి రెండు సీసాలు తీయించాను. రెండింటి మీదా ఒకే నంబరు. ఒకటి పిల్ల తండ్రికి ఇచ్చి ఎప్పటిలాగే ఇంటికి తీసుకెళ్ళి ఎప్పటిలాగే ఉంచమన్నాను. రెండోది తడిగుడ్డలో చుట్టుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని నేను తెచ్చుకుని కుండలో పెట్టాను. పిల్లను ఆసుపత్రిలోనే ఉంచి, నా సీసాలోంచి నా చేత్తో మందు ఇచ్చాను. పొద్దున పసుపు. మర్నాడు ఆకుపచ్చ. ఆ తర్వాత ఒక ఉదయం టెస్టు ట్యూబు కిందికి దించి తల్లీ నేనూ ఇద్దరమూ దాని వైపే చూస్తూ నిలబడ్డాం. నీలం. సముద్రం రంగు. తల్లి నా భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది.

మన దేశపు మందే. మద్దెల ఓడు కాదు. అప్పుడు తండ్రికి కబురుపెట్టి రెండో సీసా తెప్పించాను. అతను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. పిల్లకు వెయ్యాలంటే నాకు చెయ్యి రాలేదు, అందుకని ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు పట్టాను. నా సీసా కుదిపితే పాలలాగా ఒకే తెలుపు. ఇది కుదిపినా లోపల తెల్లటి పలుకులు తేలుతున్నాయి, సీసా గోడలకు పొరలాగా అంటుకుని ఉన్నాయి. విరిగిన పాలే.

ఎండలో పెట్టావా అన్నాను. అతని ముఖం ఎర్రబడింది.

"ఎండా? ఎండ పొడ గూడా తగలనియ్యలేదమ్మా. నా బిడ్డ మందు అది."

అబద్ధం చెప్పే గొంతు కాదు అది. అయినా మందు విరిగింది. మర్నాడు పిల్లను నర్సుకు అప్పగించి, తల్లిని కూడా తీసుకుని అతని వెంట బయలుదేరాను. పడవలో కాలువ దాటి, ఉప్పు మళ్ళ గట్ల మీదుగా నడిచి వాళ్ళ పల్లెకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఇసుకలో కాలు పెడితే చెప్పులోంచి కూడా కాలింది. ఈ వేడికి మందేం ఆగుతుంది, మనిషే ఆగడం లేదు అనుకున్నాను. సంగతి తేలిపోయినట్టే అనిపించింది.

ఇంటి వెనక తాటాకు పందిరి కింద చేపల పెట్టెలు. వాటి పక్కన, అన్నిటికంటే నీడగా ఉన్న మూలలో, ఒక చిన్న కొయ్యపెట్టె. లోపల రేకు తాపడం, రేకుకూ కొయ్యకూ మధ్య ఊక కూరినది. ఎండలు మొదలైనప్పుడు వడ్రంగి దగ్గర కూర్చుని చేయించానని, దీంట్లో చేప వెయ్యనని, దీనికి గడ్డ మాత్రం ఫ్యాక్టరీలో ఏరి తెస్తానని చెప్పాడు. నేను చూడని రెండో సంగతి ఇదీ. మందు పేరు మారిన రోజుల్లోనే మందు ఉండే చోటు కూడా మారింది. మేమందరం పేరునే చూశాం.

మూత తీశాడు. లోపల దంచిన ఐసు, ఐసు మీద ఉప్పు. ఆ ఉప్పులో పాతి ఉంది, అతను ముందుచూపుతో కొనిపెట్టిన ఇంకో సీసా. బయటికి తీస్తే వేళ్ళకు అంటుకుంది. లోపల మందు రాయిలా గడ్డకట్టి ఉంది.

ఉప్పెందుకు వేశావన్నాను. అతను నన్ను జాలిగా చూశాడు. చదువుకున్న మనిషికి ఈ మాత్రం తెలియదా అన్న చూపు.

"ఉప్పు జల్లితేనే కదమ్మా ఐసుకు చలి ఎక్కేది. వంజరం, రొయ్య, ఏదైనా సరే, రాయి మాదిరి బిగిస్తే మద్రాసు దాకా పోయినా చెడదు. రవ్వంత మెత్తబడిందా, సరుకు పోయినట్టే. చేపకే ఇంత చేస్తా ఉండాను, బిడ్డ మందుకు చెయ్యనా?"

పొద్దున్నే తల్లి ఆ గడ్డకట్టిన సీసాను రెండు చేతుల మధ్య పెట్టుకుని కరిగించేదట. ఎన్నిసార్లు నా దగ్గరికి వచ్చిందో, ఈ సంగతి చెప్పలేదు. అడిగితే కదా చెప్పేది. నేను మామిడిపండు గురించి అడిగాను, గంజి గురించి అడిగాను, సూది ఎక్కడ గుచ్చావని అడిగాను. చల్లగా ఉంచమని మాత్రం అందరమూ చెప్పాం. ఎంత చల్లగా అన్నది ఎవ్వరమూ చెప్పలేదు. చలి ఎంత ఉంటే అంత మంచిది అన్నది అతని వ్యాపారం నేర్పిన నిజం. అతని తాత కాలంలో చేపకు ఉప్పొక్కటే దిక్కు, ఇతని కాలానికి ఐసు కూడా వచ్చింది. తనకు తెలిసిన గొప్పవి రెండూ కూతురికి పెట్టాడు.

చెప్పక తప్పదు. మందుకు వేడి పడదు, గడ్డకట్టే చలీ పడదు, గడ్డకట్టి కరిగితే మందులో సత్తువ పోతుంది, ఇక అది ఉత్త నీళ్ళ కింద లెక్క అని చెప్పాను. అతను వింటూ వింటూ పెట్టె పక్కనే ఇసుకలో కూర్చుండిపోయాడు.

"అయితే నా బిడ్డను నేనే చంపతా ఉండానా?" అన్నాడు.

"లేదన్నా. పిల్ల బతికుంది, ఆసుపత్రిలో ఆడుకుంటోంది. నువ్వు చేసింది ప్రేమతో చేశావు. మందుకు అది తెలియదు, అంతే."

అప్పటికప్పుడు తల్లి చేత కుండ తెప్పించి, ఇంటి లోపల వెలుతురు సోకని మూలలో ఇసుక పోయించి, నా కుండ లాంటిదే ఒకటి పాతించాను. నీళ్ళు చల్లడం పిల్ల పని అన్నాను. ఇక మందు ఎవరు తేవాలన్న మాట వచ్చింది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నా చేతికి ఇయ్యబాకండమ్మా. ఆ సీసా నేనిక ముట్టుకోను."

పల్లె నుంచి రోజూ నెల్లూరు పోయి వచ్చేవాడు అతనొక్కడే. అతను ముట్టుకోకపోతే పిల్లకు మందు లేదు. బతిమాలడం నాకు చేతకాదు, కోప్పడటం బాగా వచ్చు. నువ్వు దుఃఖపడుతూ కూర్చుంటే పిల్లకు ఎవరు తెస్తారు, నేను తేవాలా, నీకు తప్ప ఎవరికీ ఆ సీసా విలువ తెలియదు, ఇక నీ అంత జాగ్రత్తగా తెచ్చేవాడు ఈ జిల్లాలో లేడు అని కేకలేశాను. చివరికి అతను చెయ్యి చాచాడు. ముందురోజు అతను తెచ్చిన విరిగిన సీసానూ, నా సంచిలోంచి తీసిన మంచి సీసానూ అతని రెండు చేతుల్లో పెట్టి, వెలుతురుకు పట్టి చూడమన్నాను. పిల్ల ఇంటికి వచ్చాక దానికీ చూపించమన్నాను. ఇద్దరూ చూడటం నేర్చుకుంటే ఇక నాతో పని లేదన్నాను.

ఆ రెండు సీసాలే పట్టుకెళ్ళి నెల్లూరులో పెద్ద డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. సంగతంతా చెప్పాను. ఆయన రెండూ కుదిపి కిటికీకి పట్టి చూశారు. తన రోగుల సీసాలు కూడా తెప్పించమని కాంపౌండరుతో చెప్పారు. వాళ్ళలో ఒకాయన ఇంట్లో సీసా వంటింటి అలమరలో, పొయ్యి వెనక ఉందని తర్వాత తెలిసింది. ఇంకొకాయన సంగతి ఎప్పటికీ తేలలేదు.

"అయితే ఈ కంపెనీని నమ్మవచ్చంటావు" అన్నారు ఆయన.

"కంపెనీని నమ్మమని నేను చెప్పనండీ. ఏ సీసాకు ఆ సీసాను చూసి నమ్ముదాం. సీమదైనా అంతే."

ఆయనకు నా జవాబు నచ్చలేదు. పెద్దవాళ్ళకు ఒకసారి నమ్మేసి ఇక మళ్ళీ చూడక్కరలేని వస్తువులంటే ఇష్టం. కానీ ఆ వారమే ఆయన చీటీ మీద దేశవాళీ ఇన్సులిన్ రాశారని షాపాయన నాకు చెప్పాడు. ఫ్రిజ్ ఖాళీ కాలేదు. నాకు కావలసింది అదొక్కటే, మిగతాది ఆయన ఇష్టం.

పిల్ల పెరిగింది. ఏటా ఏదో ఒక జ్వరంతో, ఒక పుండుతో నన్ను హడలగొడుతూనే పెరిగింది. పందొమ్మిది వందల అరవైలు దాటిపోయే రోజుల్లో ఒక ఉదయం కుంటుకుంటూ వచ్చింది. వలలు ఆరబోసే చోట తుప్పు పట్టిన గాలం కాల్లో దిగిందట. అప్పటికి లంగావోణీల వయసు, వాళ్ళ నాన్న గొంతు, వాళ్ళమ్మ చూపు. షుగరున్న ఒంట్లో కాలి గాయమంటే చిన్న సంగతి కాదు. పుండు కడిగి కట్టు కట్టి, ధనుర్వాతం రాకుండా సూది వెయ్యడానికి మందు సీసా తీశాను. ఎప్పటిలాగే కిటికీ దగ్గరికి వెళ్ళి, వంచి చూసి, వెనక్కి తిరిగాను.

పిల్ల చెయ్యి చాచింది. "ఇట్టియ్యండమ్మా ఒకసారి."

"నేను చూశానుగా."

"మీరు చూసినారు. నేను చూడలా."

వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. నా నర్సు గుడ్లురిమింది. ఇన్నేళ్ళలో నా చేతి మందును నా ఎదుటే పరీక్ష పెట్టిన రోగి ఇంకొకరు లేరు. నాకు మాత్రం సంతోషమే. సీసా ఇచ్చాను. ఆ పిల్ల ఒంటికాలి మీద కుంటుతూ కిటికీ దాకా వెళ్ళి, వెలుతురుకు పట్టి, అటు వంచి, ఇటు వంచి, నాకంటే కొంచెం ఎక్కువసేపే చూసింది.

"బాగుండాది. వెయ్యండమ్మా" అంది.

వేశాను.